పూసలు కట్టే నీళ్ళు

మా పిన్ని నోరు మంచిది కాదు. చెయ్యి అంతకన్నా మంచిది కాదు. బాబాయి ఒకటి కొడితే తానూ ఒకటి తిరిగి కొట్టేది. కానీ బాబాయిది మోటు చెయ్యి, పిన్నిది బక్క ప్రాణం. ప్రతి దెబ్బలాటా పిన్ని పెదవి పగలడంతోనే ఆగేది. మా అమ్మ అడ్డం వెళ్ళబోతే, "మొగుడూ పెళ్ళాల మధ్య నువ్వెందుకే?" అని అమ్మమ్మ నోరు మూయించేది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మేం ముగ్గురం ఇత్తడి సామాన్లకు పూత పెట్టే షాపులో పనిచేసేవాళ్ళం. నేను పాలిష్ మిషన్ మీద, బాబాయి గోతిలో ఉన్న ఆసిడ్ తొట్టి దగ్గర. పిన్నిది పొగపెట్టె. దాని నిండా నైలాన్ దారాలు నిలువుగా వేలాడుతుంటాయి. పిన్ని కుళాయిని కొలతగా తిప్పితే పైనుంచి నీళ్ళు దారాలను పట్టుకుని పల్చటి పొరలా దిగుతాయి. జానెడు దిగాక ఆ పొర దానంతటదే విడిపోయి పూసలు కడుతుంది. పూస వెంట పూస జారుతుంది. కింది నుంచి లేచే ఆసిడ్ పొగ ఆ పూసల్లో కరిగిపోతుంది. నీళ్ళు మరీ ఎక్కువైతే పక్కపక్క దారాలు జడల్లా అతుక్కుపోతాయి, సందుల్లోంచి పొగ దర్జాగా మళ్ళీ షెడ్డులోకే వచ్చేస్తుంది. పెట్టె గొట్టం షెడ్డు బయటికి వేయించడానికి ఓనరుకు చెయ్యి రాలేదు.

ఆ రోజు గేటు దగ్గరే బాబాయి పిన్నిని చెంప మీద కొట్టాడు. క్యారియర్ మూత ఊడి కూర ఒలికిందట, అదీ కారణం. పిన్ని నెత్తురు ఉమ్మి, అందరూ వినేలా అంది: "నీ ఊపిరి నా కుళాయిలో ఉందిరా, గుర్తుంచుకో."

పని ఎక్కువగా వచ్చిన రోజది. తొట్టిలో ఒకేసారి బోలెడు సామాను ముంచారు. పసుపుపచ్చ పొగ లేచింది. మేస్త్రీ, అంటే బాబాయి అన్నగారే, పరుగెత్తి కుళాయి పూర్తిగా తిప్పేశాడు. పొగ ఎక్కువైతే నీళ్ళూ ఎక్కువ కావాలి కదా అని ఆయన తెలివి. దారాలన్నీ అతుక్కుపోయాయి. పొగ షెడ్డంతా కమ్మింది. బాబాయి దగ్గుతూ దగ్గుతూ గోతిలోనే కూలాడు. దిగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

పిన్ని వెళ్ళి కుళాయి తగ్గించడం మొదలుపెట్టింది.

"మొగుణ్ణి చంపేస్తోంది, లాగండి దాన్ని" అంటూ మేస్త్రీ ఇనప కొక్కెంతో ఆమె వీపు మీద కొట్టాడు. పిన్ని కుళాయి వదల్లేదు. వేళ్ళ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. అప్పటికీ వదల్లేదు, మోచేయి వేసి అదిమింది. నా చేతిలో ఇత్తడి గుబ్బ ఉంది. దాంతో ఆయన చెవి మీద బలంగా కొట్టాను. నెత్తురు కారుతూ కూలబడ్డాడు. అందుకు నాకేం విచారం లేదు.

నీళ్ళు తగ్గి దారాలు ఒక్కొక్కటే విడిపోయాయి. మళ్ళీ పూసలు కట్టాయి. పొగ పల్చబడ్డాక గోతిలోకి దిగి, బాబాయిని చంకల కింద పట్టుకుని ఈడ్చుకొచ్చాం.

ఆసుపత్రి వరండాలో పిన్ని వేళ్ళకు కట్టు కడుతుంటే అడిగాను, "వదిలేసి ఉంటే పీడ పోయేది కదా?" అని.

"వదిలేద్దామనే అనిపించింది. చేతులు వినలేదే."

గొంతులో గొట్టం తీసిన రోజు బాబాయి ఏడ్చాడు. "ఇంటికి పోదాం పద. ఇంకెప్పుడూ నీ మీద చెయ్యెత్తను" అన్నాడు. పక్కన అమ్మమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటూ, "చూశావా, మారాడు" అంది.

పిన్ని మంచం మీది దుప్పటి సరిచేసింది.

"నీ ఊపిరి నిలబెట్టడం నా పని. చేశాను. నీతో కాపురం చెయ్యడం నా పని కాదు."

అని, నాతోపాటు మా ఇంటికి వచ్చేసింది.