ఎవర్నీ నమ్మని నాయన

మా నాయన పోయాడని గిద్దలూరులోని మా పుట్టింటి నుంచి మా ఆయన ఫోన్ చేస్తే నాకు ఏడుపు రాలేదు. "నాడి సరిగ్గా చూసినావా? ఇంకోసారి చూడు" అని గద్దించాను. ఒంగోలు ఆసుపత్రిలో డ్యూటీ మధ్యలో, చేతిలో సిరంజి పట్టుకొని మరీ అనుమానపడ్డాను. ఏం చేయను, పెంపకం అలాంటిది.

నాయనకు అందరిమీదా అనుమానమే. పాలవాడి క్యాన్ వంచి చూసేవాడు. విత్తనాల దుకాణంలో సంచి పైనున్న గింజలు ముట్టుకోడు, మోచేతిదాకా చెయ్యి దించి అడుగునుంచి తీసి చూసేవాడు. బస్సు బోర్డు చదివింది చాలక, "కంభం పోతాదా? నిజంగా పోతాదా?" అని కండక్టరునూ పక్కనున్న ముసలమ్మనూ అడిగేవాడు. నేను సిగ్గుతో కిటికీ వైపు తిరిగేదాన్ని.

నర్సు ఉద్యోగానికి నేను బయల్దేరిన రోజు మార్కాపురం బస్టాండుదాకా వచ్చి ఆయన చెప్పిన బుద్ధులు వింటే, ఈ పిల్ల దొంగల ఊరికి పోతోందనుకుంటారు ఎవరైనా. "చదవకుండా సంతకం పెట్టొద్దు పాపా. ఊరికే అక్కా అక్కా అని తిరిగేటోళ్ళకు దూరంగా ఉండు. పెండ్లి మాట ఎత్తినోడు నువ్వు ఏమన్నా అవునవునంటా ఉన్నాడనుకో, వాడు మోసగాడే. కాదు అనేటోణ్ణి చూసుకో." బస్సు కదిలాక కూడా కిటికీ పట్టుకొని నడుస్తూ, "నేను చెప్పినానని నన్ను గూడా నమ్మబాక, ఆలోచించుకో" అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాను గానీ, కొత్త ఊళ్ళో నన్ను కాపాడింది ఆ మాటలే.

కొన్నేళ్ళకు ఒకతన్ని ఇంటికి తీసుకొచ్చాను. మా ఆసుపత్రి ల్యాబులో పనిచేసేవాడు. యర్రగొండపాలెం వాళ్ళు, చర్చికి పోయే కుటుంబం. మాది గడపకు పసుపు రాసే ఇల్లు. నాయన కాదంటే ఆ మాట దాటి పెళ్ళి చేసుకోలేను, అతన్ని వదులుకొని బతకనూలేను. గుండె చిక్కబట్టుకొని నిలబడ్డాను.

నాయన కులం అడగలేదు, జీతం అడగలేదు. కొబ్బరికాయ తీసుకొని మమ్మల్ని ఎండలో చేనికి నడిపించాడు. మా వైపు బోరు వేయాలంటే అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకొని చేనంతా తిరుగుతారు. కింద నీళ్ళుంటే కాయ దానంతటదే లేచి నిలబడుతుందంటారు. నాయనకు అదీ నమ్మకం లేదు. మా చుట్టాల్లో ఎవరి చేతికిచ్చినా ఆయన సంతోషపడతాడని "లేచింది, లేచింది" అనేవాళ్ళు.

"నడువు. యాడ లేస్తే ఆడ బోరేపిస్తా" అని కాయ అతని అరచేతిలో పెట్టాడు.

అతను ఆ చివరిదాకా నడిచి వచ్చాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. లేచిందని చెప్పవయ్యా, నీ సొమ్మేం పోతుంది, అని నేను లోపల మొక్కుకుంటున్నాను.

"నాకేం తెలీలా పెద్దాయనా. కాయ కదల్లా."

"కొంచెం గూడానా?"

"కొంచెం గూడా లేదు. లేవంది లేచిందని ఎట్ల చెప్పేది?"

నాయన కాయను గట్టు మీది రాయికేసి కొట్టి ఒక చిప్ప అతనికిచ్చాడు. నా వైపు తిరిగి, "చేసుకో పాపా. అయినా కనిపెట్టుకోనే ఉండు" అన్నాడు.

ఆ చివరి మాట నన్ను ఏళ్ళ తరబడి తొలిచింది. నాయన నిజంగా ఒప్పుకున్నాడా, నా మొహం చూసి తలూపాడా? మేం వెళ్ళినప్పుడల్లా ఆయన అల్లుణ్ణి ఓరగా చూసేవాడు, నేను ఆయన్ను ఓరగా చూసేదాన్ని. అడిగితే మాత్రం నిజం చెబుతాడని నమ్మకమేంది!

నాయన మంచం పట్టాక మా ఆయనే సెలవు పెట్టి దగ్గరుండి చూసుకున్నాడు. పోయే ముందు ఆదివారం నేనూ వెళ్ళాను. మాత్ర చేతికిస్తే నాయన దాన్ని వెలుగుకు పెట్టి చూశాడు. "ఇదేంది? నిన్న తెల్లది గదా? ఏదీ, దాని అట్ట చూపీ."

ఇన్నేళ్ళ నర్సును, కన్నకూతుర్ని! నాకు ఒళ్ళు మండింది. మాత్ర లాక్కొని మా ఆయన చేతిలో పెట్టాను.

"మామా" అన్నాడు ఆయన మాత్ర నోటి దగ్గర పెట్టి, అంతే.

నాయన కళ్ళు మూసుకొని నోరు తెరిచాడు.