ఎదురు పురి

పిల్లలకు చేతిపని రావాలంటే రెండు తగిలించాలని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. తగిలిస్తే ఏం వస్తుంది, ఏడుపు వస్తుంది. నాకు ఆరో ఏట నూలు వడకడం నేర్పారు. ఎలా నేర్పారో చెబుతాను, ఆ తర్వాత మీ ఇష్టం.

మాది పొందూరు పక్కన చిన్న పల్లె. వాలుగ చేప దవడ పళ్లతో పత్తిని దువ్వి, ఆ దూదిని వేలెడు ఏకులుగా చుట్టి, సన్న నూలు వడకడం ఆ చుట్టుపక్కల ఆడవాళ్ల పని. యుద్ధం రోజులవి. మిల్లు బట్ట కంట్రోలు దుకాణంలో కూడా దొరికేది కాదు, అందుకని సన్న నూలు తీసే చేతికి తిండి లోటు ఉండేది కాదు. నాన్న కూలికి బర్మా, రంగం వెళ్లాడు, యుద్ధం మొదలయ్యాక ఉత్తరం లేదు. అమ్మకి క్షయ. "నాను పోతే ఈ గుంటకి నూలొక్కటే దిక్కు" అని అమ్మ మామ్మతో అనడం విన్నాను. పోవడమంటే పుట్టింటికి వెళ్లడం అనుకున్నాను. నన్ను వదిలేసి వెళ్తుందా అని కోపం కూడా వచ్చింది.

అమ్మని పెరట్లో పాకలో ఉంచారు. మామ్మ, అంటే నాన్న తల్లి, పెరటి మధ్యలో పాత రోకలి ఒకటి అడ్డంగా పడేసింది. "ఇది దాటినావంటే కాళ్లిరగ్గొట్టెత్తాను, సూడు" అంది. మామ్మ చెడ్డది కాదు. అమ్మకి గంజి ఇచ్చి వచ్చి, బూడిదతో చేతులు తోముకుంటూ ఏడ్చేది. కానీ నాకు ఆడుకోవడానికి ఎవరూ లేరు. జబ్బు ఇల్లని పక్కింటి వాళ్లు పిల్లల్ని పంపేవారు కాదు. పొద్దంతా రోకలికి ఇవతల ఒక్కదాన్నే చింతపిక్కలు ఆడుకునేదాన్ని, రెండు వైపులా నేనే.

అందుకే అమ్మ రాట్నం నేర్పుతానన్నప్పుడు ఎగిరి గంతేశాను. తను పాక అరుగు మీద, నేను ఇవతల, ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. మధ్యలో మూడు బారల నేల. అయితేనేం, పొద్దున్నంతా అమ్మ నన్నే చూస్తుంది! తను వడికిన నూలు ఎవరూ తీసుకోరు, సాయంత్రం మామ్మ దాన్ని కర్రతో తీసి పొయ్యిలో పడేసేది. అయినా నేను చూడాలని అమ్మ వడికేది. దగ్గు వస్తే ఆగి, మళ్లీ తిప్పేది.

మొదట్లో దారం తెగిందే తెగింది. ఏకు గట్టిగా పడితే దారం సాగదు, వదులుగా పడితే ముద్దగా వచ్చేస్తుంది. "యేళ్లతో నొక్కకే, యేళ్లతో ఇను" అనేది అమ్మ. వేళ్లతో వినడమేమిటో నాకు బోధపడలేదు. ఒకరోజు నేను వేరే ఏదో ఆలోచిస్తుంటే, బొటనవేలు దానంతటదే కొంచెం సడలింది. దారం తెగకుండా మూరెడు వచ్చింది. అమ్మ చప్పట్లు కొట్టింది. నెల తిరిగేసరికి చిన్న నూలు చిలప ఒకటి చుట్టాను.

నేత నేసే అతనొకడు మా ఇంటికొచ్చి నూలు పట్టుకెళ్లేవాడు. నేను మావా అని పిలిచేదాన్ని. మామ్మ నూలుతో పాటు నా చిలప కూడా తీసుకెళ్లాడు. నాలుగు రోజులకి వెనక్కి తెచ్చాడు.

"ఓలప్పా, ఈ నూలు ఎవలు వడికినారు? అతుకు నిలవట్లేదు. పురి ఎదురు తిరిగున్నాది" అని మామ్మతో అన్నాడు. మామ్మ దారం కొస, నా దారం కొస అరచేతిలో కలిపి నలిపి చూపించాడు. రెండూ పెనవేసుకోకుండా విప్పుకుపోయాయి.

మామ్మ నా వేళ్ల మీద ఒక్కటిచ్చింది. "చక్రం ఎనక్కి తిప్పుతన్నావేటే!" నా పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని సరిగ్గా తిప్పించింది. పట్టుకున్నంతసేపూ బాగానే ఉంది. వదిలేశాక నేను తలెత్తి అమ్మని చూసేదాన్ని, చక్రం మళ్లీ వెనక్కి తిరిగేది. "కుడేపుకే!" అని మామ్మ అరిచేది. కుడి ఏదో నాకేం తెలుసు? అమ్మ ఎలా తిప్పుతోందో అచ్చం అలాగే తిప్పుతున్నాను, ఈ ముసల్దానికేం పిచ్చి అనుకున్నాను. మూడు రోజులు తన్నులు తిన్నాను.

మూడో రోజు అమ్మ తన రాట్నం ఆపేసి, నా చక్రాన్ని చాలాసేపు చూసింది.

"అత్తా, గుంటని కొట్టకు" అంది. "తప్పు దానిది కాదు. నాకెదురుగ కూకున్నాది. నా చక్రం దానికి తిరగేసి అవుపిస్తన్నాది. నా పక్కన కూకుంటే గానీ..."

అక్కడితో ఆగిపోయింది. ఏ ఇంట్లోనైనా ఆడపిల్ల తల్లి మోకాలికి ఆనుకుని కూర్చునే రాట్నం నేర్చుకుంటుంది.

మర్నాడు పొద్దున్న అమ్మ రాట్నాన్ని గోడవైపు తిప్పుకుని, నాకు వీపు పెట్టి కూర్చుంది. నా మీద అలిగిందనుకున్నాను.

"అమ్మా, ఇటు తిరుగు."

"తిరగను. తిరిగినానంటే నీ సెయ్యి మళ్లీ ఎనక్కి పోతాది. నా కుడి జబ్బ సూడు. అదెలగ ఆడితే నీదీ అలగే ఆడించు."

"ఎప్పుడు తిరుగుతావు మరి?"

"మీ మావ నూలు బాగున్నాదన్న రోజు."

ఆ వీపుని చూస్తూ నేర్చుకున్నాను. ఎన్నాళ్లో లెక్క లేదు, మొదలుపెట్టినప్పుడు ఎండలు, అయ్యేసరికి వానలు. అంతకుముందు ఇంట్లో ఒంటరిగా ఉన్నా అమ్మ ముఖం ఉండేది. ఇప్పుడు అదీ పోయింది. దగ్గినప్పుడు వీపు ఊగేది, పని అయ్యాక అటు నుంచి అటే పాకలోకి వెళ్లిపోయేది, అంతే. ఉక్రోషం పట్టలేక ఒకసారి "దారం తెగిపోయిందే" అని అబద్ధం చెప్పాను, తిరిగి చూస్తుందేమోనని. "అతుకేసుకో" అంది, తిరక్కుండానే. ఆ పూట అమ్మంటే నాకు అసహ్యం వేసింది. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, వేసింది.

తర్వాతి కాలంలో నేను చాలామంది పిల్లలకి రాట్నం నేర్పాను. ఎవర్నీ ఎదురుగా కూర్చోబెట్టలేదు. పక్కన ఆనించుకుని, నా చెయ్యి మీద వాళ్ల చెయ్యి వేయించుకునేదాన్ని. ఎందుకలా అని అడిగిన వాళ్లకి ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను.

వానల్లో మావ మళ్లీ వచ్చాడు. నా దారం కొస, మామ్మ దారం కొస కలిపి అరచేతిలో నలిపి, గట్టిగా లాగాడు. తెగలేదు, విప్పుకోలేదు.

"ఓసి నీ యమ్మ కడుపు సల్లగుండ, మీ మామ్మ నూలే అనుకున్నానే!" అన్నాడు.

చిలప పట్టుకుని పెరట్లోకి పరుగెత్తాను. "అమ్మా! మావ బాగున్నాదన్నాడు! తిరుగు, ఇంక తిరుగు!"

అమ్మ రాట్నం ఆపింది. అరుగు మీద చెయ్యి ఆనించి, మెల్లగా తిరిగింది. నవ్వుతోంది కూడా. కానీ ఆ ముఖం మా అమ్మది కాదు. కళ్లు లోపలికి పోయాయి, దవడ ఎముకలు బయటికొచ్చాయి, పళ్లు పెద్దవైపోయాయి. నేను కెవ్వుమని అరిచి, వెనక్కి పరుగెత్తి, మామ్మ చీర వెనక దాక్కున్నాను.

"ఒసే, అమ్మేనే, అమ్మే" అని మామ్మ నన్ను ముందుకి లాగుతోంది. నేను కళ్లు తెరవలేదు.

"దాన్నొగ్గీ అత్తా, లాగకు" అంది అమ్మ. "నూలు బాగున్నాదే తల్లీ."

కళ్లు తెరిచేసరికి మళ్లీ గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. ఈసారి రాట్నం తిప్పడం లేదు.