కాముని మంటకు నీళ్లు

ఎండలు ముదురుతున్నాయని ఆదిలాబాద్‌లో మా రైతులకు శిక్షణ ఇచ్చారు. ఆ హాలులో ఏసీ ఎంత దంచి కొట్టిందంటే, నేను తువాల కప్పుకొని విన్నాను. అయినా ఒక్క సంగతి బుర్రకెక్కింది. పత్తి ఏరాక మిగిలిన కట్టెను చేలో తగలబెట్టొద్దు. గుంతలో వేసి పైనుంచి అంటించి, నిప్పులు మిగలగానే నీళ్లు కుమ్మరిస్తే బొగ్గవుతుంది. పొగ తక్కువ. ఆ బొగ్గును పెంటతో కలిపి చేలో వేస్తే మట్టిలో తడి నిలుస్తుంది. వాన ముఖం చాటేసినా చేను కొన్నాళ్లు ఓర్చుకుంటుంది.

నాకు చేను కన్నా అవ్వ, అంటే మా అమ్మ, ముఖ్యం. బోథ్ దగ్గర మా ఊళ్లో మా చేను ఇంటి వెనకే ఉంటుంది. ఏటా మా నాయన, బాపు, కట్టె కాలబెడితే ఆమెకు ఊపిరాడదు. సంచి సర్దుకొని చెన్నూరులో చిన్నమ్మ ఇంటికి పోతుంది. సొంత ఇల్లుండి పొగకు పారిపోవడమేమిటని నాకు ఒళ్లు మండేది.

బాపుకు చెబితే బీడీ కూడా ఆర్పకుండా తీర్పు చెప్పాడు.

"గుంతల బొగ్గు చూపెట్టు, చేనుకు అగ్గి ముట్టియ్యనే ముట్టియ్య. బూడిదైందా, తెల్లారి కాలవెడ్త. మీ అవ్వ చెన్నూరు పోవుడే."

అందరూ ఊళ్లో ఉంటారు, చూసి నేర్చుకుంటారని నేను మహా తెలివిగా, హోలీ ముందు రాత్రి కాముణ్ణి కాల్చే కాముని పున్నమ రోజే ముహూర్తం పెట్టాను. పొద్దుగూకే వేళ గుంత అంటించాను. మంట నిలువెత్తు లేచింది, పొగ దాదాపు లేదు. గొంతు సవరించుకొని వాతావరణం గురించి మొదలుపెట్టానో లేదో, ఆడవాళ్లు పసుపు కుంకుమ, కొబ్బరికాయలతో దిగారు. ఊరి కాముని కుప్ప కంటే నాదే ఘనంగా కనిపించిందట. పిడకల దండలు తెచ్చి మంటలో వేశారు. అందరూ గుంత చుట్టూ తిరుగుతుంటే నా ఉపన్యాసం ఎవడు వింటాడు?

మంట తగ్గి నిప్పులు మిగిలాయి. బిందె ఎత్తగానే, పక్కింట్లో ఉండే మా పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"కామునికి నీళ్లు వోస్తవారా? పిచ్చి లేసిందా? తెల్లారి బూడిద బొట్టు వెట్టుకోవాలె."

"గిది కాముడు కాదు పెద్దమ్మా, పత్తికట్టె."

"గిన్ని కొబ్బరికాయలు కొట్టినంక కాముడే."

ఈ తర్కానికి శిక్షణలో జవాబు నేర్పలేదు. ఊరంతా ఆమె వెనకే నిలబడింది. నిప్పుల మీద తెల్లగా బూడిద కమ్ముతోంది. బాపు గట్టు మీద కూర్చొని ముసిముసిగా నవ్వుతున్నాడు. ఆయన మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

అప్పుడు అవ్వ వచ్చింది. ఏటా కామునికి ఒక్కపొద్దు ఉండే మనిషి. నా చేతిలో బిందె లాక్కుని, నిప్పులకు దండం పెట్టి, మొత్తం కుమ్మరించింది. గుంత బుస్సుమంది.

"పాపం గీపం ఉంటే నాకే తగుల్తది. ఊపిరి కోసం ఏటా ఇంకోల్ల ఇంట్ల పడుండుడు నాతోని కాదు," అని ఇంకో బిందె తెమ్మని నన్ను కసిరింది.

నాకంటే ముందు పెద్దమ్మ కదిలింది. కొంగు నడుముకు చెక్కి, రెండో బిందె తనే మోసుకొచ్చింది.

తెల్లారి గుంతలోంచి గంపలకొద్దీ బొగ్గు తీశాం. పెద్దమ్మ అందులోంచే చిటికెడు నలిపి అందరికీ బొట్టు పెట్టింది. బాపు నుదుటికి కాస్త ఎక్కువే రుద్దింది. ఆయన చేను కోసం తెచ్చిన అగ్గిపెట్టె నా చేతిలో పెట్టాడు. అవ్వ చెన్నూరుకని సర్దుకున్న సంచిలోంచి చీరలు తీసి మళ్లీ దండెం మీద వేసింది.