పెద్దమ్మ వీపు మీద రాత

మొన్న షాపులో కొత్త గుడ్డ గంజివాసన తగలగానే పెద్దమ్మ మీద పాత కోపం గుర్తొచ్చింది. బొట్టుపెట్టి ఎవరు జాకెట్ ముక్క ఇచ్చినా "నాకెందుకే" అంటూ ఇంకొకరికి పెట్టేసేది. మూడో తరగతిలో నేను ఏరికోరి తెచ్చిన చిలకపచ్చ ముక్కనూ పక్కింటామెకు ఇచ్చేసింది.

పగబట్టాను. మరుసటేడు దసరా ముందు ఎర్ర ముక్క కొనిపించి, నట్టనడుమ మార్కర్‌తో "పెద్దమ్మది" అని రాసిచ్చాను.

"ఇగ ఎవలకిస్తవో ఇయ్యి."

ఆమె దాన్ని కుట్టించుకుంది. అక్షరాలు సరిగ్గా వీపు మీదికొచ్చాయి. బతుకమ్మ ఆడేచోట అందరూ నవ్వుతారని కాచుక్కూర్చున్నాను.

"ఏందక్కా, ఈపు మీద గీ రాత?" అని ఒకామె అడిగింది.

పెద్దమ్మ కొంగు జరిపి మరీ చూపించింది. "అందరిచ్చేటియి ఎవలకన్న ఇచ్చేటియే. గిది మా చెల్లె బిడ్డ నాకే అని రాసిచ్చింది."

పగ తీరలేదని నేను ఇంటికొచ్చి ఏడ్చాను. ఆమె అన్నదేమిటో అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.