ఓడ దిగాలనుకున్న మధ్యాహ్నం

పొద్దున్న టీ అయ్యాక నూకాలమ్మకు పేపరు చదివి వినిపించడం నాకు అలవాటు. ఆ రోజు కూడా పేపరు తీశాను. అక్షరాలన్నీ తెలుస్తున్నాయి. చదవబోతే మాత్రం ఒక మాటకు మరో మాట అతకడం లేదు. ఒకే వాక్యం మళ్లీ మళ్లీ మొదలుపెడుతున్నాను.

“ఏటి టీచరమ్మా, ఎక్కడ మొదలెట్టినావో అక్కడే తిరుగుతన్నావు?” అంది నూకాలమ్మ.

కళ్లజోడు మసకేసిందన్నాను. చెంగుతో తుడిచి పెట్టుకున్నాను. మార్పేమీ లేదు. పేపరు మడిచి పక్కన పెట్టి పడుకున్నాను. నా జబ్బు మొదలైంది అలాగే. జ్వరం లేదు, నొప్పి లేదు.

నా పేరు రాజేశ్వరి. ఒడిశాలోని బరంపురంలో తెలుగు స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. డెబ్బై దాటాయి. మా ఆయన పోయాక, పిల్లలు లేరు కనుక, గోపాల్‌పూర్ రోడ్డులో ఉన్న వృద్ధాశ్రమానికి నేనే కోరి వచ్చాను. ఎవరూ పంపలేదు. మా తమ్ముడి కూతురు సునీత బరంపురంలో బ్యాంకులో పని చేస్తుంది, ఆదివారాలు వచ్చి చూసి వెళుతుంది. నా గదిలో రెండో మంచం నూకాలమ్మది. ఆమెది సముద్రం ఒడ్డున ఆర్యపల్లి. వయసులో ఉన్నన్నాళ్లూ తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి చేపలమ్మింది. కోడలితో పడక ఇక్కడికి వచ్చేసింది. మొదట్లో ఆమె గొంతు నాకు పెద్దగా అనిపించేది, నా సుద్దులు ఆమెకు విసుగనిపించేవి. మెల్లగా ఒకరికొకరం అలవాటయ్యాం. ఒకరు లేకుండా ఒకరం టీ తాగని స్థితికి వచ్చాం.

జబ్బుకు ముందు నేను చేసిన పని ఒకటి చెప్పాలి. మా బాత్రూములు వరండా చివర ఉన్నాయి. నాకు మోకాళ్ల నొప్పులు, చేతికర్ర లేనిదే నడవలేను. తడి గచ్చు మీద జారిపడతానని భయం. అందుకని నీళ్లు తాగడం తగ్గించాను. బీపీకి వేసుకునే మాత్ర ఒంట్లో నీటిని బయటికి పంపేస్తుందని నాకు తెలియదు. దాహం కూడా వేసేది కాదు. తెలివైన పని చేస్తున్నాననే అనుకున్నాను.

పేపరు చదవలేకపోయిన మర్నాటి నుంచి మత్తుగా పడుకునే ఉన్నాను. అన్నం ముందు పెడితే కలిపి వదిలేశాను. మాటిమాటికీ బాత్రూముకి వెళ్లి, ఏమీ కాకుండానే తిరిగి వచ్చేదాన్ని. ఇవన్నీ తర్వాత నూకాలమ్మ చెబితే తెలిసినవే. ఆమె ఆఫీసు గదికి వెళ్లి మేనేజరుకు చెప్పిందట.

“వయసు మీద పడింది కదా మాఉసీ, అలాగే ఉంటుంది. పడుకోనివ్వు,” అన్నాడట ఆయన. మాఉసీ అంటే ఒడియాలో పిన్ని. ఆశ్రమంలో ఆడవాళ్లందరినీ ఆయన అలాగే పిలుస్తాడు. చెడ్డవాడు కాదు. అక్కడ అందరికీ వయసు మీద పడిందే.

ఆ తర్వాత జరిగింది నేను చూసినట్టే చెబుతాను. నాకు అది కల కాదు. నా పెళ్లి కంటే స్పష్టంగా గుర్తుంది.

ముందు గోడ మీద చీమలు కనిపించాయి. సున్నం కనబడనంత దట్టంగా ఉన్నాయి. చేత్తో రాస్తే చేతికి ఏమీ తగల్లేదు. తర్వాత ఫ్యానుకి తడి వలలు వేలాడుతున్నాయి, వాటి నుంచి నీళ్లు నా పక్క మీద కారుతున్నాయి. ఇక్కడెందుకు ఆరేశారు అని అరిచాను. అప్పుడే నేల కదిలింది. మెల్లగా ఎడమకు ఒరిగి, కుడికి ఒరిగింది. నాకు అర్థమైపోయింది. ఇది ఆశ్రమం కాదు, ఓడ. మా తాత గోపాల్‌పూర్‌లో ఓడెక్కి బర్మాలో రంగం వెళ్లాడని మా నాయనమ్మ చెప్పేది. తిరిగి రాలేదు. నన్నూ ఎక్కించేశారు. ఇంకా ఒడ్డు దగ్గరే ఉంది, ఇప్పుడు దిగకపోతే ఇక దిగలేను.

లేచి కర్ర అందుకున్నాను. గుమ్మంలో ఒక మనిషి రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు. ఓడ కాపలావాడు. ముఖం తెలియలేదు. ఏదో అంటున్నాడు, నన్ను పట్టుకుంటున్నాడు. కర్ర ఎత్తి బలంకొద్దీ కొట్టాను. టక్‌మని చప్పుడైంది. వాడు కూలబడ్డాడు. నాకు భయం పోయింది. సంతోషం కూడా వేసింది. దిగిపోతున్నాను కదా అని వరండాలోకి వెళ్లాను. ఆ తర్వాత చాలామంది పట్టుకున్నారు.

బుధవారం మధ్యాహ్నం భోజనాలయిన కాసేపటికి ఇదంతా జరిగిందట. నన్ను బరంపురంలో ఆస్పత్రికి తెచ్చారు. నా చేతులు గాజుగుడ్డతో మంచానికి కట్టేశారు. నేను ఓడ అడుగు గదిలో ఉన్నాననుకుని అరుస్తున్నాను. అక్కడ ఎవరో “పాగళీ” అన్నారు, అంటే పిచ్చిది అని. ఆ మాట ఒక్కటీ ఎలాగో నా చెవిలో పడి ఉండిపోయింది. సునీత బ్యాంకు నుంచి పరుగెత్తుకుని వచ్చేసరికి, మెంటల్ వార్డుకి రాయించడమే మంచిదని మేనేజరు అంటున్నాడట. ఆదివారం నాతో కూర్చుని కబుర్లు చెప్పి వెళ్లిన పిల్ల అది. ఇప్పుడు తనను చూసి నేను “దొంగ, నా పెట్టె ఏది?” అని తిట్టానట.

డ్యూటీలో ఉన్న డాక్టరు చిన్న వయసు ఆవిడ. ఒడియాలో ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడిగిందట. “ఎప్పటి నుంచి? అంతకు ముందు ఎలా ఉండేది? రోజూ చూసేవాళ్లు ఎవరు?”

మేనేజరు సునీత వైపు చూశాడు. సునీత మేనేజరు వైపు చూసింది. జవాబు పక్క బల్ల మీద నుంచి వచ్చింది. అక్కడ ఎక్స్‌రే కోసం చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నూకాలమ్మ, వచ్చిన ఒడియాలో సగం, తెలుగులో సగం చెప్పిందట. సునీత ఆ మాటలు నాకు ఉన్నవి ఉన్నట్టు చెప్పింది.

“ఆదోరం సుబ్బరంగా ఉంది. నాకు పేపరు సదివి ఇనిపించింది, నా లెక్క తప్పయితే దిద్దింది కూడాను. సోమారం నుండి తేడా. అన్నం తిననేదు, నీల్లు తాగనేదు. బాత్రూంకి ఊరికే ఎల్లి రావడమే. ఇది పిచ్చి కాదు డాక్టరమ్మా, పిచ్చోల్లని నాను సూసినాను. ఈమెకి ఒంట్లో ఏదో ఎక్కింది, సూడండి.”

ఆ డాక్టరు మెంటల్ వార్డు మాట పక్కన పెట్టి రక్తం, యూరిన్ పంపింది. తలకు సీటీ స్కాన్ తీయించింది. స్కాన్‌లో ఏమీ లేదు. యూరిన్‌లో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం బాగా తక్కువ. సెలైన్, యాంటీబయోటిక్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు. బీపీ మాత్ర మార్చారు. “దీన్ని డెలీరియం అంటారు. డిమెన్షియా నెలల మీద వస్తుంది, ఇది రోజుల్లో వస్తుంది. కారణం పోతే ఇదీ పోతుంది. చేతుల కట్లు విప్పండి, తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టండి, కళ్లజోడు పెట్టండి,” అని సునీతకు చెప్పిందట.

మూడో రోజో నాలుగో రోజో, కిటికీలోంచి ఎండ పడుతుంటే కళ్లు తెరిచాను. నేల కదలడం లేదు. సునీత కుర్చీలో కునుకుతోంది.

“సునీతా, బ్యాంకుకి వెళ్లలేదేటి?” అన్నాను.

అది ఉలిక్కిపడి లేచి నా ముఖంలోకి చూసింది. “అత్తా, నేనెవర్ని?”

“అదేం ప్రశ్నే?”

అది నా కాళ్ల మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. నాకేమీ అర్థం కాలేదు. నేను పడిపోయి ఉంటానని, దెబ్బ తగిలి ఆస్పత్రికి తెచ్చి ఉంటారని అనుకున్నాను. ఓడ సంగతి చెప్పాను, భలే కల వచ్చిందని నవ్వాను. సునీత నవ్వలేదు.

ఆ సాయంత్రం నూకాలమ్మ వచ్చింది. కుడి చేతికి మోచేతి దాకా పిండికట్టు. మెడకు గుడ్డ కట్టి వేలాడేసుకుంది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“అయ్యో నూకాలూ, చేతికేటయింది? ఎవరు కొట్టారు?” అన్నాను.

ఆమె సునీత వైపు చూసింది.

“ఏటీ నేదు, జారి పడ్డాను,” అంది.

అప్పుడు చూశాను. ఆమె గుమ్మంలో నిలబడ్డ తీరు, ఎత్తు, అడ్డంగా ఉన్న ఆ చెయ్యి. టక్‌మన్న చప్పుడు మళ్లీ విన్నాను. ఓడలో విన్న చప్పుడది. ఓడ లేదు కదా. మరి చప్పుడెక్కడిది?

“సునీతా, నిజం చెప్పు,” అన్నాను.

సునీత చెప్పింది. నేను వింటూ నా రెండు చేతుల వైపే చూసుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు చదువు చెప్పాను, ఒక్కరి మీద బెత్తం ఎత్తలేదు. నాకు ఏడుపు రాలేదు. అంత సేపూ నూకాలమ్మ గుమ్మంలోనే ఉంది. లోపలికి రాలేదు.

“ఆ ఏల నాను సెప్తానే ఉన్నాను, కూకో టీచరమ్మా, పడిపోతావు అని. నీకు ఇనపడనేదు,” అంది చివరికి. ఆ మాట అని వెళ్లిపోయింది.

డిశ్చార్జి నాడు మరో దెబ్బ తగిలింది. మేనేజరు వచ్చి నన్ను ఆశ్రమంలోకి తీసుకోలేమన్నాడు. “మిగతావాళ్లు భయపడుతున్నారు మాఉసీ. రేపు ఇంకొకరికి ఏమైనా అయితే వాళ్లవాళ్లకు నేనేం చెప్పను?” అన్నాడు. డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించినా తల అడ్డంగా ఊపాడు. నేను వాదించలేదు. నాకే నా మీద నమ్మకం లేదు.

సునీత ఇంట్లో ఉన్నన్నాళ్లూ బాగానే చూసుకున్నారు. కానీ ఒక సాయంత్రం బట్టలు మడత పెడుతుంటే కింద గచ్చు కదిలినట్టయింది. ఒక్క క్షణమే. ఒళ్లంతా చెమట పట్టింది. గది తలుపు లోపల గడియ పెట్టుకుని, సునీత ఎంత పిలిచినా తీయలేదు. మళ్లీ ఎవరినైనా కొడతానేమోనని భయం. ఎక్కాలు వల్లించుకుంటూ కూర్చున్నాను. పదిహేడో ఎక్కం తప్పు లేకుండా వచ్చాక తలుపు తీశాను.

మర్నాడు మళ్లీ ఆ డాక్టరు దగ్గరికే వెళ్లాం. పరీక్షలు చేయించింది. ఇన్ఫెక్షన్ లేదు. నన్ను కొన్ని ప్రశ్నలు అడిగింది, గడియారం బొమ్మ గీయించింది.

“మతిమరుపు జబ్బు లేదు మాఉసీ. జ్వరం పోయాక కూడా నీరసం ఉంటుంది కదా, మెదడుకీ అంతే. కొన్ని నెలలు పడుతుంది. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఉంది, అందుకని నీళ్లు మానకండి,” అంది.

“అది చేసింది నేనేనా డాక్టరమ్మా?” అని అడిగాను.

“చెయ్యి మీదే. ఆ మనిషి మీరు కాదు,” అంది.

ఆ మాట నాకు పూర్తిగా ఊరట ఇవ్వలేదు. విరిగిన చెయ్యి నూకాలమ్మది కదా.

సునీత రెండు మూడుసార్లు వెళ్లి అడిగాక, చివరికి మేనేజరు ఒక మాట మీదకు వచ్చాడు. ఆ గదిలో ఉండే మనిషి ఒప్పుకుంటే తనకు అభ్యంతరం లేదన్నాడు. సునీత నన్ను ఆశ్రమానికి తీసుకెళ్లింది. నూకాలమ్మ వరండాలో ఎడమ చేత్తో బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

“నీకు భయమా?” అని అడిగాను.

“బయం కాదా మరి? కర్ర సప్పుడినిపిత్తే ఇప్పటికీ గుండె దడదడలాడతాది,” అంది. మా వెనకే వచ్చి నిలబడ్డ మేనేజరు వైపు తిరిగింది. “రానీండి. కాని ఆ కర్ర వద్దు. నాలుగు కాల్ల బండి ఉంటాది సూడు, అది పట్టుకుని నడవమను. దాన్ని ఎత్తి కొట్టడం ఈమె వల్ల కాదు.”

మేనేజరు నవ్వేశాడు. సునీత కూడా నవ్వింది. నూకాలమ్మ నవ్వలేదు, నేనూ నవ్వలేదు. ఆ సాయంత్రమే సునీత వాకరు కొని తెచ్చింది.

ఇప్పుడు మళ్లీ అదే గదిలో ఉన్నాం. ఆమె మణికట్టు అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది, తడి చీర పిండలేదు. ఇద్దరి చీరలూ నేనే పిండుతాను. నా మంచం పక్కన నీళ్ల సీసా ఉంటుంది. భోజనం లోపు అది ఖాళీ కాకపోతే నూకాలమ్మ ఊరుకోదు. బాత్రూము దగ్గర గోడకు పట్టుకోవడానికి పైపు వేయించమని అందరం కలిసి అడిగితే మేనేజరు వేయించాడు. పేపరు చదువుతున్నాను. నేను గబుక్కున లేస్తే మాత్రం నూకాలమ్మ ఇప్పటికీ మాట ఆపి నా చేతుల వైపు చూస్తుంది. చూడనివ్వండి, నాకు కోపం రాదు.

ఇది చదివేవాళ్లకు ఒక్క మాట చెబుతాను. నిన్నటి దాకా బాగున్న పెద్దవాళ్లు రెండు మూడు రోజుల్లో మారిపోయి, తికమకగా మాట్లాడినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, వయసని వదిలేయకండి, పిచ్చని ముద్ర వేయకండి. ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లి యూరిన్, రక్తం పరీక్ష చేయించండి. వెళ్లేటప్పుడు వాళ్లను రోజూ చూసే మనిషిని కూడా తీసుకెళ్లండి. ఆ మనిషి రక్త సంబంధమే కానక్కర్లేదు. ఆదివారం ఎలా ఉన్నారో, బుధవారం ఎలా ఉన్నారో డాక్టరుకు చెప్పగలిగితే చాలు.