పొడి టెస్ట్ ట్యూబులు

విజయనగరంలో డిగ్రీ చదివిన మూడేళ్లూ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కి నా పద్ధతి ఒక్కటే. జవాబు ముందు తెలుసుకోవడం, ప్రయోగం తర్వాత రాసుకోవడం. సీసాలో ఇచ్చిన లవణం ఏదో ల్యాబ్ అటెండర్ చెవిలో చెప్పేవాడు. అందరం ఆయన్ని మావా అనేవాళ్లం. పేరు తెలిశాక ఇంకేముంది, ఏ పరీక్షకి ఏ రంగు రావాలో బట్టీపట్టింది పేపరు మీద దింపేయడమే. ఫస్టు మార్కులు నావే. వేసిన మాస్టార్లకి ఈ సంగతి తెలియదనుకోను.

మా నాన్న నెల్లిమర్ల దగ్గర జనపనార మిల్లులో కూలి. నార చేత్తో పట్టుకుంటే చాలు, ఏ రకమో చెప్పేస్తాడు. "మావోడు కెమిస్ట్రీ లెక్చరర్ అవుతాడు" అని మిల్లు గేటు దగ్గర కనపడినవాడికల్లా చెప్పుకున్నాడు.

శ్రీకాకుళం వైపు ఎమ్మెస్సీ సీటు వచ్చింది. అక్కడి అటెండర్ మావని కూడా మంచి చేసుకున్నాను. నా పక్క బల్ల దగ్గర కోటబొమ్మాళి అవతల సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన చేపలవాళ్ల అమ్మాయి. ఒక్కో లవణం మూడేసి సార్లు చేసేది, తప్పులు కూడా నోట్సులో రాసుకునేది. సిల్వర్ నైట్రేట్ పడి ఆమె వేళ్లు ఎప్పుడూ నల్లగానే ఉండేవి.

"ఏటి, నువ్వు ఒక్కపాలైనా సెయ్యవా?" అని అడిగిందోసారి.

"సేతులు పాడుసేసుకోడానికా సదువుతన్నాం?" అని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

సెమిస్టర్ పరీక్షలో మావ "క్లోరైడురా" అన్నాడు. పావుగంటలో ముత్యాల్లాంటి అక్షరాలతో పేపరు నింపేశాను. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ పేపరు ముట్టుకోలేదు. నా స్టాండులోని టెస్ట్ ట్యూబులు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. అన్నీ పొడిగా ఉన్నాయి.

"చేసి చూపించు" అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు పట్టుకున్నాను ట్యూబు. కంగారులో డిస్టిల్డ్ వాటర్ వదిలేసి కుళాయి నీళ్లలో లవణం కలిపి, సిల్వర్ నైట్రేట్ వేశాను. క్లోరైడుకి రావాల్సినట్టే తెల్లగా విరిగింది. బతికాను అనుకున్నాను. ఆయన ఇంకో ట్యూబులో వట్టి కుళాయి నీళ్లు పట్టి అదే చుక్క వేశాడు. అదీ తెల్లగానే విరిగింది. ఆ ఊరి ఉప్పునీళ్లకి నా లవణంతో పనేముంది? పొద్దున్నే ఆయన సీసాలు మార్చేశాడని, నాకొచ్చింది క్లోరైడే కాదని తర్వాత తెలిసింది.

ఫెయిలయ్యాను. ఏడాది దండగైంది. పక్క బల్ల అమ్మాయి పాసైంది.

ఆ వారం ఇంటికెళ్తే నాన్న నా చేతులు తన మొరటు చేతుల్లోకి తీసుకుని అటూఇటూ తిప్పి చూశాడు. ఇంకా ఎవరికీ ఏమీ చెప్పలేదు నేను.

"సూడవే, మనోడి సేతులు ఎంత తెల్లగున్నాయో" అని అమ్మని పిలిచాడు. "సదువుకున్నోడి సేతులంటే ఇలాగుండాల."