జీపుకు పెట్టిన కందెన

పదకొండేళ్ళ వయసులో నేను జీపు వెనక ఇరుసును మొత్తం ఊడదీసి, లోపలి పళ్ళచక్రాలు తుడిచి, ఒక్క నట్టు కూడా మిగలకుండా మళ్ళీ బిగించాను. బొల్లాపల్లి చుట్టుపక్కల అప్పట్లో ఆ పని తెలిసిన మగాడు లేడు. మొన్న నరసరావుపేటలో బాషా మెకానిక్ షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని, టీ తాగుతున్న నలుగురికీ వినపడేలా ఈ సంగతి చెప్పాను. నా పాత కారు అప్పటికి జాకీల మీద ఉంది. నెల రోజులుగా అది వెనక నుంచి మూలుగుతుంటే రోడ్డు బాగాలేదని రోడ్డును తిట్టాను, టైర్లలో గాలి కొట్టించాను, చివరికి రేడియో శబ్దం పెంచాను. ఆ ఉదయం రైల్వే గేటు దాటాక టక్కుమని ఆగిపోతే ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చాం. బాషా కారు కింద దూరి బిరడా తిప్పగానే నల్లటి నూనె బొళబొళమని రేకు పళ్ళెంలోకి దిగింది, దాని వెంట విరిగిన ఇనుప పన్ను ఒకటి టంగుమని పడింది. అప్పుడొచ్చింది ఆ వాసన. కుళ్ళిన కోడిగుడ్డూ కాలిన తోలూ కలిసినట్టుండే ఆ వాసన ముక్కుకు తగిలేసరికి టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"డిఫరెన్షియల్ పోయింది బాబాయ్. క్రౌను, పినియను పళ్ళచక్రాలు, బేరింగులు మొత్తం మార్చాల. నలభై వేలకు తక్కువ కాదు" అన్నాడు బాషా. "పాత సామాన్లలో చూస్తే సగానికొచ్చిద్ది. ఎన్నాళ్ళుంటదో మాత్రం నన్నడగబాక."

"కొత్తవే వెయ్యి" అన్నాను. కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడే మనిషిని, ఈ షెడ్డులో మాత్రం ఇరవై ఏళ్ళుగా నోరెత్తలేదు. ఎందుకో బాషాకు తెలియదు. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కళ్ళు మూసుకుని తస్బీ పూసలు తిప్పుకుంటున్న వాళ్ళ నాన్న మస్తానుకు తెలుసో లేదో నాకు తెలియదు.

మా చిన్నప్పుడు నాన్న మిలిటరీ వేలంలో ఒక జీపు కొన్నాడు. దాని డ్రైవరే మస్తాను. అప్పుడతనికి ఇరవై రెండేళ్ళుంటాయేమో, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. ఎండాకాలం మధ్యాహ్నాలు నాపరాళ్ళ అరుగు కాలుతుంటే, అందరూ జొన్న సంకటి, గోంగూర పచ్చడి తిని నిద్రపోయాక, జీపు కింది నీడలో మస్తానన్నా నేనూ వెల్లకిలా పడుకునేవాళ్ళం. వెనక ఇరుసు మధ్య గుండ్రంగా ఉబ్బిన ఇనుప బుర్రను, అదే డిఫరెన్షియల్‌ను, చూపించి, "ఇంజను బలమంతా ఇక్కడికొచ్చి రెండు చక్రాలకూ పంచుకుంటదిరా అబ్బాయ్, అన్నదమ్ములకు పొలం పంచినట్టు" అనేవాడు. పానా పట్టుకోవడం నేర్పింది అతనే. ఏ బిరడా తిప్పితే నూనె దిగుతుందో, ఏది తిప్పితే ఎక్కించవచ్చో చూపించిందీ అతనే.

శివరాత్రి వస్తోందంటే ఊరికి పది రోజుల ముందే పని మొదలయ్యేది. కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభ, బండి మీద నిలిపే ఎత్తైన వెదురు గోపురం, కట్టుకుపోవాలి. వెదుళ్ళు చీల్చే చప్పుడు, రంగు కాగితాలకు కాచే మైదా జిగురు వాసన, ఎద్దుల కొమ్ములకు పూసే పసుపు, వంటింట్లో అరిసెల పాకం. అన్నిటికంటే నాకిష్టమైంది మా తాత కందెన చేయడం. వరిగడ్డి తగలబెట్టి, ఆ మసిని ఆముదంలో వేసి కర్రతో మెదిపి, నల్లటి ముద్దను వెదురు గొట్టంలో నింపి బండి కింద వేలాడదీసేవాడు. బండి పండక్కి బయలుదేరే ముందు చక్రం ఊడదీసి ఇరుసుకు కందెన పెట్టి, రెండు చేతులూ జోడించి మొక్కి, అప్పుడు చక్రం ఎక్కించేవాడు. ఆ యేడు నాలుగు బండ్లకూ కందెన పెట్టి, పనస చెట్టు కింద ఉన్న జీపు వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. నాకది అన్యాయంగా తోచింది.

ఇప్పుడు నిజం చెప్పాలి. నేను ఇరుసు ఊడదీయలేదు. పళ్ళచక్రాలు కంటితో చూడను కూడా లేదు. పండగ ముందు రోజు నేను తిప్పింది రెండు బిరడాలే. కింది దాంట్లోంచి నల్లటి నూనె, ఇదే కుళ్ళు వాసనతో దిగింది. పాడైపోయి కంపు కొడుతోందనుకున్నాను. దాన్నంతా మట్టిలో పారబోసి పైన పెంట కప్పాను. తర్వాత పై బిరడా తీసి, తాత గొట్టంలోని కందెనలో మరికాస్త ఆముదం కలిపి లోపలికి కూరాను. గడ్డి మసిలో ఇసుక రేణువులు కూడా ఉన్నాయేమో నేను చూడలేదు. చివర్న రెండు చేతులూ జోడించి మొక్కాను కూడా.

తెల్లారి నాయనమ్మ, అమ్మ, ఇద్దరు అత్తలు, అరిసెల డబ్బాలతో జీపు కదిలింది. నేను నాన్న ఒళ్ళో కూర్చున్నాను. ఐదారు మైళ్ళు పోయాక కింద నుంచి సన్నగా ఏడుపు మొదలైంది.

"ఏందిరా మస్తానూ, అడుగున పిల్లేమన్నా ఎక్కిందా?" అంది నాయనమ్మ.

"పిల్లి కాదు అమ్మగారూ, చానా తేడాగా ఉంది" అని అతను వేగం తగ్గించాడు. నాన్న ప్రభల కంటే ముందే కొండ చేరాలని పోనీయమన్నాడు. కొండ కనిపిస్తుండగా పెటపెటమని పళ్ళు విరిగిన చప్పుడు, వెనక చక్రాలు బిగుసుకుపోయి జీపు అడ్డంగా తిరిగి, కంది చేలో దిగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఉపవాసం ఉన్న నాయనమ్మ ఎండలో నాలుగు మైళ్ళు నడిచింది.

సామాను గుంటూరు నుంచి రావడానికి నెల పట్టింది. దాని ఖరీదుకు నాన్న పాడిగేదెను అమ్మాడు; ఆ వేసవంతా పక్కింటి మజ్జిగ తాగాం. అంతకంటే పెద్ద ఖరీదు మస్తానన్న కట్టాడు. అతనే నూనె తీసి అమ్ముకున్నాడన్న మాట ఎక్కడి నుంచి పుట్టిందో గానీ, నాన్న నలుగురిలో దొంగా అని తిట్టి పనిలోంచి పంపేశాడు. దొంగ అని పేరు పడ్డాక మా వైపు ఎవరూ అతని చేతికి బండి ఇవ్వలేదు. పెట్టె సర్దుకుని పేట వచ్చి, ఏదో షెడ్డులో బండ్లు కడిగే పనితో మొదలుపెట్టాడని చాలా ఏళ్ళకు తెలిసింది. ఆ రోజు నేను అరుగు మీద మౌనంగా నిలబడ్డాను. భయపడ్డాను. నోరు విప్పలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ షెడ్డుకు వచ్చి బేరమాడకుండా డబ్బిచ్చి పోవడం తప్ప ఆ సంగతి ఎత్తలేదు.

ఇప్పుడు తాత లేడు, కందెన గొట్టం లేదు. మా ఊళ్ళో ఎద్దుల బండ్లు రెండో మూడో మిగిలాయి, వాటికీ రబ్బరు టైర్లే. ప్రభను ట్రాక్టరు లాగుతోంది. ఆ వాసన మాత్రం అలాగే ఉంది. బల్ల మీది నలుగురూ లేచిపోయాక వెళ్ళి మస్తానన్న కుర్చీ పక్కన కింద కూర్చున్నాను. మోకాళ్ళు నొప్పి పుట్టినా కిందే కూర్చున్నాను. నూనె పారబోసింది, కందెన కూరింది, మౌనంగా నిలబడింది, అన్నీ చెప్పాను. ఇది కల్పన కాదు.

అతను తస్బీ ఆపి కళ్ళు తెరిచాడు.

"కందెన సంగతి నాకు ఆ రోజే తెలుసులే. ఇరుసు బుర్ర విప్పగానే ఆముదం వాసనొచ్చింది. చిన్నపిల్లోడు, దెబ్బలు పడతయ్యని నేను చెప్పలా."

"నేనూ చెప్పలేదన్నా. నోరు మూసుకుని నిలబడ్డాను."

"యాడ మూశావు?" అన్నాడు మస్తానన్న. "మీ నాయన అడగంగానే, మస్తానన్న నూనె తీసి డబ్బాలో పోసుకుంటా ఉంటే చూశానని నువ్వే చెప్పావు. నీలం డబ్బా అని రంగు కూడా చెప్పావు. నా దగ్గర నీలం డబ్బా ఎప్పుడూ లేదురా."